మన పేరు మనమే రాసుకోవాలన్న భాగ్యరెడ్డి వర్మ

మా హాస్టల్ స్టడీ హాలు గోడకు మొదటి నుంచీ నాలుగు ఫోటోలున్నాయి. అంబేడ్కర్, జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఫూలే, బాబూ జగ్జీవన్ రామ్. నిరుడు మా పూర్వ విద్యార్థి ఒకాయన ఐదో ఫోటో తెచ్చి ఇచ్చారు. దాని కింద భాగ్యరెడ్డి వర్మ అని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలంటే మాలో చాలామందిమి పొరబడ్డాం. పేరులో రెడ్డి ఉంది, చివర వర్మ ఉంది. ఎవరో దొరగారి ఫోటో మన హాస్టల్లో ఎందుకని వెనక బెంచీలో గుసగుసలాడుకున్నాం కూడా. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న అన్నలు విని నవ్వారు. వాళ్లకు ఆయన ఒక మార్కు ప్రశ్న. ఆది హిందూ ఉద్యమ నాయకుడు ఎవరు అంటే టిక్కు పెట్టే పేరు.

ఈ వార్షికోత్సవ సంచికలో ఎవరి జీవితం రాద్దామని మేము కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఆ ఐదో ఫోటోనే గుర్తొచ్చింది. దొరకిన పుస్తకాలు చదివాం, సార్లను అడిగాం. ఆయన కామారెడ్డి మనిషి కాదు, ఎల్లారెడ్డి మనిషి కాదు. హైదరాబాదు బస్తీలో పుట్టి పెరిగినవాడు. అయినా ఆయన కథలో మన పల్లెల కథ చాలా ఉంది. అందుకే రాస్తున్నాం.

ఆయన 1888 మే 22న పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. పుట్టింది మాల కుటుంబంలో. ఇంట్లో పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబానికి ఒక శైవ గురువు ఉండేవాడు. ఆ గురువే భాగయ్యను భాగ్యరెడ్డిగా మార్చాడు. రెడ్డి అన్నమాట రేడు నుంచి వచ్చిందనీ, రేడు అంటే పాలకుడనీ, ఈ నేలను ఒకప్పుడు ఏలినవాళ్లు మీరేననీ ఆయన వాదన. భాషా పండితులు దీనికి ఏమంటారో మాకు అక్కర లేదు. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన ఇంటి పిల్లవాడికి పాలకుడని అర్థమొచ్చే పేరు పెట్టడం ఆ రోజుల్లో ఎంత సాహసమో మన పల్లెలు ఎరిగిన వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మా తాతల కాలంలో కూడా వెంకయ్యను ఎంకడు అనీ, రాజయ్యను రాజిగాడు అనీ పిలిచేవారు. పేరు చివరి అయ్య కూడా మనకు దక్కనిచ్చేవారు కాదు. ఇక వర్మ అన్న బిరుదు 1913లో వచ్చింది. ఆయన సేవను చూసి ఆర్య సమాజానికి చెందిన బాజీ కృష్ణారావు ఇచ్చారు. అదీ మేము పొరబడిన పేరు వెనక సంగతి.

ఆయన కాలేజీ చదువులు చదువుకోలేదు. చిన్నతనంలోనే డోస్ శాంటోస్ అనే క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో పుస్తకాలుండేవి, చదువుకున్న వాళ్ల రాకపోకలుండేవి. పని చేస్తూనే చదవడం, లోకం సంగతులు వినడం అలవాటయింది. సంపాదించిన దాంట్లో కొంత తన జనం కోసం ఖర్చు పెట్టాలన్న ఆలోచన కూడా అక్కడే గట్టిపడిందంటారు. మాలో సెలవుల్లో హోటళ్లలో, రైసు మిల్లుల్లో పని చేసి ఫీజులు కట్టుకునే వాళ్లున్నారు. ఈ భాగం చదివినప్పుడు వాళ్లు కొంచెం సేపు మాట్లాడలేదు.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. హరికథలు, భజనలు, ఉపన్యాసాలు దాని పని. బస్తీ జనం పనుల నుంచి వచ్చిన తర్వాత రాత్రిపూట సమావేశాలు. చదువు రాని జనానికి కాగితం పంచితే ఏం లాభం? కథ చెబితే వింటారు. అందుకని కథతోనే మొదలుపెట్టారు. 1911లో ఆ సంస్థ మాన్య సంఘం అయింది. తర్వాత 1920ల మొదట్లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఈ మూడు పేర్లను వరసగా చూడండి. మొదటిది అందరికీ మిత్రులం అంటుంది. రెండోది మేము గౌరవించదగినవాళ్లం అంటుంది. మూడోది ఈ దేశానికి మొదటివాళ్లం మేమే అంటుంది. పదిహేనేళ్లలో ఆయన ఆలోచన ఎంత దూరం నడిచిందో సంస్థ బోర్డు మీదే కనబడుతుంది.

ఆయన పనుల్లో మాకు అన్నిటికంటే దగ్గరిది బడి. 1910లో హైదరాబాదులోని ఈసామియా బజారులో, లింగంపల్లిలో బడులు తెరిచారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. మా హాస్టల్లో డిగ్రీ చదివే అన్నల వయసు. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లయినా తెలుగుకు విలువ లేదు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలోని వాళ్లు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టిందని మన చరిత్ర పాఠంలో ఉంది. చదువుకున్న వకీలు తెలుగులో నోరెత్తితేనే అలా ఉంటే, అంతకు పదకొండేళ్ల ముందే మాల మాదిగ పిల్లలను కూర్చోబెట్టి తెలుగులో అ ఆ లు దిద్దించిన మనిషి సంగతి మన పాఠంలో ఒక వరుసలో అయిపోతుంది. ఈ విషయంలో మాకు కొంత కోపం ఉంది, దాచుకోవడం లేదు.

ఆ రెండు బడులు క్రమంగా 26 అయ్యాయి. సుమారు 2,500 మంది పిల్లలు చదివారు. ఇన్ని బడులకు జీతాలు, అద్దెలు, పలకలు ఎక్కడి నుంచి వస్తాయి? చందాలే ఆధారం. ఒక్క హాస్టల్‌ వార్షికోత్సవానికి చందాలు పోగుచేయడానికి మేము వారం రోజులు కామారెడ్డి బజారంతా తిరిగాం. ఇరవై ఆరు బడులను ఏళ్ల తరబడి అలా నడపడం ఎలా ఉంటుందో అప్పుడు కొంచెం అర్థమయింది. తర్వాత ఆ బడులను నిజాం సర్కారు తన కిందికి తీసుకుంది. ఒక బస్తీ మనిషి చేసి చూపించిన పనిని ప్రభుత్వం తన పనిగా ఒప్పుకున్నదన్నమాట. మనం తింటున్న సర్కారు అన్నం, చదువుతున్న సర్కారు చదువు వెనక ఇలాంటి ఒప్పించిన మనుషులున్నారు.

బడితో పాటు సేవ కూడా ఉండేది. 1912లో స్వస్తిదళ్ అనే స్వచ్ఛంద సేవకుల దళం పెట్టారు. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా లాంటి రోగాలు బస్తీల మీద పడిన కాలమది. సొంతవాళ్లే శవం ముట్టడానికి భయపడే రోజుల్లో ఈ దళం వాళ్లు వెళ్లి సాగనంపే పని చేశారు. కరోనా రోజులు చూసినవాళ్లం గనుక అది ఎలాంటి పనో మనకు తెలుసు. బస్తీల్లో తగాదాలు వస్తే తీర్చడానికి పంచాయతీలు ఏర్పాటు చేశారు. పెళ్లిళ్లలో తాగుడు, పండగల్లో జంతుబలులు మానాలని ఊరూరా చెప్పారు. జీవరక్షా మండలి పనిలోనూ ముందున్నారు. మాంసం, మద్యం విషయంలో ఆయన చెప్పినవన్నీ ఇప్పుడు మనం అలాగే ఒప్పుకోవాలని లేదు. మా తిండి మా ఇష్టం అని మాలోనే గట్టిగా వాదించినవాళ్లున్నారు. కానీ కూలి డబ్బులు కల్లు దుకాణంలో పోయిన ఇళ్లు మనమూ చూశాం. ఆయన కోపం తిండి మీద కన్నా అప్పుల మీద అని మాకు అనిపించింది.

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ఒక సభ జరిగింది. అది ఆంధ్ర ప్రాంతపు పంచముల మొదటి మహాసభ. గూడూరు రామచంద్రరావు లాంటి సంస్కర్తలు పూనుకుని ఏర్పాటు చేశారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను అధ్యక్షుడిగా పిలిచారు. అప్పటికాయనకు 29 ఏళ్లు. అంటరానివాళ్లు అంతమంది ఊళ్లోకి వస్తున్నారని ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చెప్పుకుంటారు. అమ్మవారి గుడికి తాళం పడితే పడింది గానీ సభ ఆగలేదు.

ఆ సభలో అధ్యక్షుడు మొదట సభ పేరు మీదే అభ్యంతరం చెప్పారు. పంచములు అనే మాట మన పురాణాల్లో ఎక్కడా లేదనీ, నాలుగు వర్ణాల తర్వాత ఐదో తెగగా మనల్ని బయటికి నెట్టడానికి ఇతరులు తగిలించిన పేరనీ, ఈ నేలకు మొదటి నుంచీ ఉన్నవాళ్లం గనుక మనం ఆది ఆంధ్రులమనీ వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ మహాసభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. ఐదేళ్లు తిరగకుండానే, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడా పాత పేర్లు తీసేసి తన కాగితాల్లో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయడానికి ఒప్పుకుంది. హైదరాబాదు రాజ్యంలో ఆది హిందూ అన్న పేరు కోసం ఆయన అర్జీలు పెడుతూనే ఉన్నారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం మనవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేసింది.

పేరు మారితే కడుపు నిండుతుందా అని మాలో ఒకరు అడిగారు. నిండదు. కానీ సర్కారు రిజిస్టరులో తిట్టులాంటి పేరు ఉంటే ఆ రిజిస్టరు పట్టుకుని హక్కు అడగడం కూడా కష్టమే. ఇప్పుడు మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులాల జాబితాలో 59 కులాలున్నాయి. ఆ జాబితాలో ఆది ఆంధ్ర అన్న పేరు ఈ నాటికీ ఉంది. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు జత చేసే కుల ధ్రువీకరణ పత్రంలో ఆ మాట చూసినవాళ్లు అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? మేమైతే ఈ వ్యాసం పని పడేదాకా ఆలోచించలేదు.

ఇక పత్రిక సంగతి. 1920ల దాకా తెలంగాణలో తెలుగు పత్రిక అంటేనే అరుదు. 1922లో నీలగిరి, తెనుగు పత్రికలు వచ్చాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అక్షరాస్యులు తక్కువ, పత్రికల మీద సర్కారు ఆంక్షలు ఎక్కువ, కొనేవాళ్లు ఇంకా తక్కువ. అలాంటి చోట 1931లో భాగ్యరెడ్డి వర్మ భాగ్యనగర్ అనే పక్షపత్రిక పెట్టారు. భాగ్యనగరం అంటే హైదరాబాదు. ఆయన పేరూ అందులో కలిసొచ్చింది. తర్వాత దాని పేరును ఆది హిందూ అని మార్చారు.

చదువు రాని జనం కోసం పత్రిక ఏమిటని అనుకోవచ్చు. మేమూ అనుకున్నాం. అప్పటికే ఆయన ఇరవై ఏళ్లుగా బడులు నడుపుతున్నారని తర్వాత గుర్తొచ్చింది. 1910లో పలక పట్టిన పిల్లలు 1931 నాటికి ముప్పై దగ్గరికి వచ్చిన పెద్దలు. వాళ్లు చదవడానికి తమ సంగతులున్న కాగితం కావాలి కదా. చదువుకున్న ఒక్కరు అరుగు మీద కూర్చుని చదివితే పదిమంది వింటారు. అంబేడ్కర్ కూడా 1920లో మూక్‌నాయక్, 1927లో బహిష్కృత్ భారత్ మరాఠీలో పెట్టారు. మన వార్త మనం రాసుకోకపోతే మన గురించి ఇతరులు రాసిందే మిగులుతుందని ఇద్దరూ ఎరిగినవాళ్లే.

ఆ పత్రిక కోసం ఆయన వెట్టి మాదిగ అనే కథ కూడా రాశారు. తెలుగులో దళిత కథ గురించి చెప్పేటప్పుడు పరిశోధకులు ఇప్పుడు ఈ కథ పేరు మొదట్లోనే చెబుతున్నారు. చాలా కాలం అది పాత కాగితాల్లోనే ఉండిపోయింది. వెట్టి అన్న మాట మన ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఎల్లారెడ్డి వైపు ఊళ్లలో ముసలివాళ్లను కదిపితే చాలు. అధికారి వస్తే మూటలు మోయడం, గడీకి కట్టెలు కొట్టడం, ఊళ్లో డప్పు చాటింపు, దొరకు చెప్పులు కుట్టి ఇవ్వడం, అన్నిటికీ కూలి లేదు. నిజాంసాగర్ కట్ట పూర్తయి మన వైపు కాలువల్లో నీళ్లు పారడం మొదలైన రోజులూ, హైదరాబాదులో ఆ పత్రిక అచ్చయిన రోజులూ ఒకటే. నీళ్లొచ్చిన పొలాలు ఎవరివి, వాటిలో వెట్టి ఎవరిది అని మా తాతలను అడిగితే వాళ్లు చెప్పే కథా అదే.

ఇక్కడ మన జిల్లాకు బాగా తగిలే మరో మాట రాయాలి. మొదట దీన్ని వదిలేద్దామనుకున్నాం. మా మిత్రుడు ఒకడు వదలొద్దన్నాడు. అది జోగిని ఆచారం. ఆడపిల్లను దేవుడి పేరు చెప్పి ఊరికి వదిలేసే ఈ ఆచారాన్ని, దేవదాసి, మురళి పేర్లతో వేరు వేరు చోట్ల ఉన్నదాన్ని, భాగ్యరెడ్డి వర్మ తన సభల్లో తీవ్రంగా ఖండించారు. ఈ ఆచారానికి కట్టుబడిన కుటుంబాలను, దాన్ని నడిపించే జంగాలను, దాసులను పిలిపించి మాట్లాడారు. దేవుడి పేరున మన ఇంటి పిల్లల బతుకే ఎందుకు పోవాలన్నది ఆయన ప్రశ్న. ఆయన పోయిన తర్వాత కూడా ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో, ఇప్పటి కామారెడ్డి జిల్లా ఊళ్లతో సహా, ఈ ఆచారం దశాబ్దాల పాటు సాగింది. 1980లలో హేమలతా లవణం గారు వర్ని ప్రాంతంలో జోగినుల మధ్య పని చేశారు. 1988లో దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అంటే ఆయన సభల్లో అడిగిన దానికి చట్టం వచ్చేసరికి ఆయన పోయి యాభై ఏళ్లు కావస్తోంది.

వదలొద్దన్న ఆ మిత్రుడి నాయినమ్మ జోగిని. వాళ్ల నాన్నను బడిలో వేసినప్పుడు తండ్రి పేరు అన్న గడి దగ్గర కలం ఆగిపోయిందట. చివరికి దేవుడి పేరు రాశారు. ఈ సంగతి ఆ మిత్రుడు మాకు ఐదేళ్లుగా ఒకే గదిలో ఉంటూ కూడా చెప్పలేదు. భాగ్యరెడ్డి వర్మ జీవితం చదివిన రాత్రి చెప్పాడు.

పెద్ద రాజకీయాల్లోనూ ఆయన మాట చెల్లింది. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల రోజుల్లో అణగారిన కులాల తరఫున మాట్లాడాల్సింది ఎవరన్న తగవు వచ్చింది. లక్నోలో జరిగిన అఖిల భారత సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. ఆ సభ అంబేడ్కర్ పక్షాన నిలిచింది. బుద్ధుడి విషయంలో అయితే ఆయనే ముందు. 1913 నుంచే ఆయన బుద్ధ జయంతి జరిపించారు. నాగపూర్‌లో అంబేడ్కర్ దీక్ష తీసుకున్నది 1956లో.

అందరూ ఆయనతో ఏకీభవించారని కాదు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు లాంటి నాయకులు అదే హైదరాబాదులో అదే జనం కోసం పని చేశారు. వాళ్ల మధ్య భేదాభిప్రాయాలుండేవి, సంఘాలు వేరయ్యాయి. మాల మాదిగల మధ్య దూరం ఒక్క ఆది హిందూ పేరుతో చెరిగిపోలేదు. మా హాస్టల్లోనే వర్గీకరణ మీద జరిగిన వాదనలు విన్నవాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు. ఆయన ఫోటో కింద కూర్చునే ఆ వాదనలన్నీ చేశాం.

మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని ఆయన జీవిత చరిత్ర రాసినవాళ్ల లెక్క. బడులు, సంఘం, పత్రిక, ఊరూరా తిరుగుడు. ఆ తిరుగుడుకు శరీరం తట్టుకోలేదు. క్షయ వచ్చింది. దానికి సరైన మందు లేని కాలమది. 1939 ఫిబ్రవరి 18న పోయారు. యాభై ఒకటో ఏడు కూడా నిండలేదు. ఆయన కుమారుడు ఎం.బి. గౌతమ్ తండ్రి జీవితాన్ని భాగ్యోదయం పేరుతో పుస్తకంగా రాశారు. కొడుకు పేరు గౌతమ్ అని చూడగానే, ఆ ఇంట్లో బుద్ధుడి మాట ఎంతగా వినపడేదో మాకు తోచింది.

ఈ సంచిక చివరి పేజీల్లో ఎప్పటిలాగే హాస్టల్ విద్యార్థుల పేర్ల జాబితా ఉంది. పేరు, తరగతి, ఊరు, తండ్రి పేరు అని నాలుగు గడులు. ప్రూఫులు దిద్దే రోజు మా మిత్రుడు వచ్చి తన వరుసలో తండ్రి పేరు పక్కన నాయినమ్మ పేరు కూడా వేయమని అడిగాడు. ప్రెస్సు ఆయన గడిలో చోటు సరిపోదన్నాడు. అక్షరం కొంచెం చిన్నది చేసి వేయించాం. జాబితాలో ఆ ఒక్క వరుస మాత్రం మిగతా వాటికన్నా సన్నగా కనిపిస్తుంది.